బిగ్ ఐలాండ్: పొద్దున కయాక్, స్నార్కెల్, సాయంత్రం అగ్నిపర్వతం. పెద్దవాళ్ళతో ఒకే రోజులో కుదురుతుందా?

గోదారి_గట్టు (సియాటిల్)

నమస్తే అందరికీ. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. వాళ్ళు తిరిగి వెళ్ళేలోపు హవాయిలో బిగ్ ఐలాండ్ చూపిద్దామని టికెట్లు కొనేశాం, బస కోనా వైపు, అంటే దీవి పడమటి తీరంలో. మిగతా రోజులు తీరిగ్గా గడపాలనే ఉంది గానీ ఒక్క రోజు మాత్రం గట్టిగా వేసుకుంటున్నా. పొద్దున్నే కెయలకెకువా బేలో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) మీద అవతలి ఒడ్డున బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ స్మారక స్తంభం దాకా వెళ్ళి అక్కడ స్నార్కెలింగ్ (మాస్క్ పెట్టుకుని, గొట్టంతో ఊపిరి తీస్తూ నీళ్ళ మీద తేలి చేపల్ని చూడటం), మధ్యాహ్నం కారులో దీవి దక్షిణం వైపు చుట్టి, చీకటి పడేసరికి కిలవేయా అగ్నిపర్వతం అంచున ఉండాలి.

కయాక్ నాకు అలవాటే, ఇక్కడ లేక్ యూనియన్‌లో వేస్తుంటాను. సముద్రంలో మాత్రం ఎప్పుడూ వేయలేదు. నాన్నకి 66, గోదావరిలో ఈది పెరిగిన మనిషి, ఈతంటే ఇప్పటికీ ముందుంటారు, బీపీకి రోజూ మాత్ర వేసుకుంటారు. అమ్మకి నీళ్ళంటే భయం. బాబుకి 11, ఈత బాగానే వచ్చు. డ్రైవింగ్ మా ఆయన చూసుకుంటారు.

కయాక్ అద్దెకి తీసుకుని మేమే వెళ్ళిపోవచ్చా, గైడ్ తప్పనిసరా? అమ్మ ఆ టైంలో ఎక్కడుంటే బాగుంటుంది? పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

తెడ్డు_మనిషి (బే ఏరియా)

కుదురుతుందండి. ఇవతలి ఒడ్డున ఉన్న నాపోపో రేవు నుంచి స్తంభం దాకా నీళ్ళ మీద సుమారు మైలు దూరం, తెడ్డు అలవాటున్నవాళ్ళకి అరగంట, మెల్లగా వెళ్తే ముప్పావుగంట. అక్కడ ఎక్కువగా ఇచ్చేది పైన కూర్చునే రకం కయాక్, తిరగబడినా లోపల ఇరుక్కోరు, పక్కకి తిప్పుకుని మళ్ళీ ఎక్కొచ్చు. బాబుని మీ ముందు సీట్లో కూర్చోబెట్టుకోండి, వెనకున్నవాళ్ళే తిప్పుతారు కాబట్టి అలవాటున్న మీరు వెనక ఉండాలి.

సరస్సుకీ దీనికీ తేడా దిగడంలో, ఎక్కడంలో తెలుస్తుంది. రేవు దగ్గర మెట్టు ఎత్తుగా ఉంటుంది, కయాక్ ఒక్కచోట నిలవదు, నీళ్ళు పైకి లేచినప్పుడు కూర్చోవాలి. నడిబేలోకి వెళ్ళాక హాయిగా ఉంటుంది. ఎంత తొందరగా బయల్దేరితే అంత మంచిది, ఎనిమిదికల్లా నీళ్ళ మీద ఉండండి. పదకొండు దాటాక గాలి లేస్తుంది, తిరుగు ప్రయాణంలో చేతులు పడిపోతాయి.

కోనా_కాఫీ (కోనా)

ఇక్కడే ఉంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు అనుమతి సంగతి. కెయలకెకువా బే 1969 నుంచి సముద్రజీవుల రక్షిత ప్రాంతం, పైగా రాష్ట్ర చారిత్రక పార్కు. స్తంభం ఉన్న ఒడ్డుని కావలోవా అంటారు. అక్కడ కయాక్ దిగి ఒడ్డెక్కాలంటే అనుమతి పొందిన గైడ్ టూర్‌తోనే వెళ్ళాలి. సొంత కయాక్ అయినా బే దాటడానికి రాష్ట్ర పార్కుల విభాగం నుంచి ముందుగా పర్మిట్ తీసుకోవాలి, తీసుకున్నా అవతల ఒడ్డెక్కకూడదు. రేవు దగ్గరికి ఎవరైనా వచ్చి అప్పటికప్పుడు కయాక్ ఇస్తామంటే ఒప్పుకోకండి. మీకు సముద్రం కొత్త, నాన్నగారు, బాబు ఉన్నారు, కాబట్టి గైడ్‌తోనే వెళ్ళండి. నియమం లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ణి.

గాలి గురించి పైన చెప్పింది కరెక్ట్. ఈ దీవిలో తూర్పు నుంచి వచ్చే వ్యాపార పవనాలని మౌనా లోవా, హువలలాయి కొండలు అడ్డుకుంటాయి, అందుకే కోనా వైపు పొద్దున సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. నేల వేడెక్కే కొద్దీ సముద్రం మీంచి గాలి మొదలై మధ్యాహ్నానికి కొండల మీద మబ్బు కమ్ముతుంది. ఇక్కడి కాఫీ తోటలు బతికేది కూడా ఆ పొద్దుటి ఎండ, మధ్యాహ్నపు మబ్బు మీదే.

ఇంకోటి. ఈ బేలో నీళ్ళు ఎందుకంత తేటగా ఉంటాయని చాలామంది అడుగుతారు. కోనా తీరంలో నదులు లేవు. కొండ మీద పడ్డ వాన లావా రాళ్ళ సందుల్లోంచి ఇంకిపోతుంది గానీ మట్టిని మోసుకుని సముద్రంలోకి రాదు. ఇంకిన నీళ్ళు ఒడ్డు దగ్గర సముద్రం కింద ఊటలుగా వస్తాయి. ఈదుతూ ఉంటే ఒకచోట ఉన్నట్టుండి చల్లగా తగిలి, చూపు మసకబారినట్టు అనిపిస్తుంది. అక్కడ మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతున్నాయన్నమాట. మాస్క్ పాడైందని బాబు కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచండి.

వైజాగ్_కెరటం (విశాఖపట్నం)

నేను అండమాన్‌లో స్నార్కెల్ చేశాను, హవాయి ఇంకా చూడలేదు, ఈ థ్రెడ్ చదువుతుంటే ఆశ పుడుతోంది. ఆ బేలో డాల్ఫిన్లు వస్తాయని, వాటితో కలిసి ఈదొచ్చని వీడియోల్లో చూశాను. గోదారి_గట్టు గారూ, బాబుకి అదొక జ్ఞాపకం అవుతుంది కదా, టూర్ వాళ్ళని అడిగి చూడండి.

కోనా_కాఫీ

వైజాగ్_కెరటం గారూ, ఆ వీడియోలు పాతవి అయ్యుంటాయి. 2021 అక్టోబర్ నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వ నియమం అమల్లో ఉంది: హవాయి తీరంలో స్పిన్నర్ డాల్ఫిన్లకి 50 గజాల లోపు ఈదుకుంటూ గానీ పడవలో గానీ కయాక్‌లో గానీ వెళ్ళకూడదు. కారణం న్యాయమైనదే. అవి రాత్రంతా లోతు నీళ్ళలో వేటాడి, పగలు నిద్ర కోసం ఇలాంటి ప్రశాంతమైన బేలలోకి వస్తాయి. మనం చుట్టూ మూగితే వాటికి నిద్ర ఉండదు, పిల్లలకి పాలివ్వడం కుదరదు. దూరం నుంచి గాల్లోకి లేచి గింగిరాలు తిరగడం కనిపిస్తే చూడండి, అదీ ఎంతో బాగుంటుంది. అవే కయాక్ వైపు వస్తే తెడ్డు ఆపి వాటి దారికి అడ్డం లేకుండా మెల్లగా తప్పుకోవాలి.

తాబేళ్ళకి 10 అడుగుల దూరం పాటించమంటారు. సన్‌స్క్రీన్ విషయం కూడా చెప్పేస్తా. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవి పగడాలకి చేటని హవాయిలో 2021 జనవరి 1 నుంచి అమ్మకం నిషేధించారు. సియాటిల్ నుంచి తెచ్చుకునేటప్పుడు జింక్ ఆక్సైడ్ రకం చూసి కొనండి. అంతకంటే మంచిది పొడుగు చేతుల ఈత చొక్కా.

డాక్టరమ్మ (హ్యూస్టన్)

నాన్నగారి గురించి చదివి రాస్తున్నాను. భయపెట్టడానికి కాదు, తెలిసి దిగాలని.

హవాయికి వచ్చే పర్యాటకుల ప్రమాద మరణాల్లో నీళ్ళలో పోయేవే ముందుంటాయి, అందులోనూ స్నార్కెలింగ్ చేస్తూ పోయినవాళ్ళు ఎక్కువ. వాళ్ళలో చాలామంది ఈత రానివాళ్ళు కాదు, కెరటాలకి కొట్టుకుపోయినవాళ్ళూ కాదు. దీని మీద హవాయి రాష్ట్రం నిధులిచ్చి చేయించిన అధ్యయనం 2021లో వచ్చింది. సన్నటి గొట్టంలోంచి గట్టిగా గాలి లాగడం వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరి, ఆక్సిజన్ చకచకా పడిపోవడం ఒక ముఖ్య కారణం కావచ్చని అందులో చెప్పారు. అంటే సముద్రం నీళ్ళు మింగకుండానే మనిషి మునిగిపోవచ్చు. పెద్ద వయసు, గుండె జబ్బు, బీపీ, శ్రమ ఇవన్నీ కలిసినప్పుడు ముప్పు పెరుగుతుంది. పెద్దగా కేకలు, కొట్టుకోవడం ఉండవు, పక్కనున్నవాళ్ళకి కూడా తెలియదు.

కాబట్టి గోదావరిలో ఈదిన అనుభవం మంచిదే గానీ ఇక్కడికి అది ఒక్కటే చాలదు. ప్రయాణానికి ముందు ఆయన్ని చూసే డాక్టర్ని ఒకసారి కలిసి ఈసీజీ, బీపీ చూపించండి. గొట్టం సాదాగా, వెడల్పుగా ఉన్నది తీసుకోండి, మొహమంతా కప్పేసే మాస్క్ వద్దు, ఇబ్బంది వచ్చినప్పుడు దాన్ని చటుక్కున తీయడం కష్టం. విమానం దిగిన మర్నాడే కాకుండా రెండు మూడు రోజులు ఆగి దిగితే నయం. అసలు మొదటిసారి కాలికి నేల తగిలే చోట చేయించండి. నీళ్ళలో ఊపిరి ఆడనట్టు, ఒంట్లో సత్తువ తగ్గినట్టు అనిపించిన క్షణమే మాస్క్ తీసి వెల్లకిలా తిరిగి చెయ్యెత్తాలి. "ఇంకో రెండు నిమిషాలు చూద్దాం" అనుకోకూడదు. ఆయన పక్కన ఒక మనిషి కేవలం ఆయన్నే చూస్తూ ఉండాలి, చేపల్ని కాదు.

గోదారి_గట్టు

డాక్టరమ్మ గారూ, చాలా థాంక్స్. మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. మొదట "నాకు నేర్పుతారా ఈత" అన్నారు, తర్వాత మళ్ళీ ఒకసారి చదవమన్నారు. ఆయన్ని రాజమండ్రిలో ఎప్పుడూ చూసే డాక్టర్‌తో వీడియో కాల్ పెట్టించి, ఇక్కడ ఈసీజీ తీయించాం. లైఫ్ జాకెట్ వేసుకుని, గైడ్ పట్టుకునే తేలే చక్రం వదలకుండా ఉంటేనే అని ఒప్పుకున్నారు.

ఇక అమ్మ, తర్వాత రోడ్డు సంగతి చెప్పండి.

తెడ్డు_మనిషి

అమ్మగారికి హోనౌనౌ. బే నుంచి దక్షిణానికి కొద్ది మైళ్ళే. అక్కడ జాతీయ చారిత్రక పార్కు ఉంది, పూర్వం నిషేధాలు మీరి మరణశిక్ష పడ్డవాళ్ళు ఎలాగోలా ఆ ఆవరణ చేరుకుంటే పూజారి శుద్ధి చేసి ప్రాణభిక్ష పెట్టేవాడు. సున్నం, మట్టి ఏమీ లేకుండా లావా రాళ్ళు పేర్చి కట్టిన పెద్ద గోడ నాలుగు వందల ఏళ్ళు దాటినా నిలబడి ఉంది, దాదాపు వెయ్యి అడుగుల పొడవు. కొబ్బరి చెట్లు, కూర్చోడానికి నీడ, నడవడానికి చదును నేల. దాని పక్కనే టూ స్టెప్ అనే స్నార్కెలింగ్ చోటు, లావా బండలో రెండు మెట్లలా సహజంగా ఏర్పడ్డాయి, వాటి మీద కూర్చుని నీళ్ళలోకి జారడమే. కయాక్ కుదరకపోతే ఇదే ఆ రోజుకి సరిపోతుంది. మెట్ల పక్కన సందుల్లో సీ అర్చిన్లు (ఒళ్ళంతా ముళ్ళుండే సముద్ర జీవులు) ఉంటాయి, చెయ్యి పెట్టేముందు చూడాలి.

డాలస్_రోడ్డు (డాలస్)

రోడ్డు నేను చెప్తా. బే నుంచి పైకెక్కి 11వ నంబర్ హైవే పట్టుకుంటే అగ్నిపర్వతాల పార్కుకి 85 మైళ్ళ దాకా, ఆగకుండా వెళ్తే రెండు గంటలు. ఎవరూ ఆగకుండా వెళ్ళరు. పైన ఊళ్ళోనే గ్యాస్ (పెట్రోల్) నింపుకోండి, పార్కు లోపల బంకు లేదు. మొదటి గంట మలుపులు, ఒక లేన్ అటు, ఒక లేన్ ఇటు, వెనకున్న లోకల్ బండికి తొందరుంటే పక్కకి ఆపి దారివ్వండి.

ఆ దారిలో నల్లటి రాళ్ళ మైదానాలు రోడ్డుని అడ్డంగా కోసుకుని కిందికి పోతుంటాయి. అవి మౌనా లోవా లావా ప్రవాహాలు. 1950 జూన్‌లో పేలినప్పుడు కొండ మీద నుంచి బయల్దేరిన లావా సుమారు మూడు గంటల్లో ఈ హైవే దాటి సముద్రంలో పడింది. కారులో కూర్చుని ఆ వాలు చూస్తే మూడు గంటలంటే ఏంటో అర్థమవుతుంది. రాత్రివేళ జనం పరిగెత్తారు, ప్రాణనష్టం జరగలేదు.

సౌత్ పాయింట్ అమెరికా 50 రాష్ట్రాల్లోనూ దక్షిణపు చివర, హైవే నుంచి పన్నెండు మైళ్ళ పక్క దారి. అదీ, పునలూ నల్ల ఇసుక బీచూ రెండూ పెట్టుకుంటే పార్కుకి చీకటి పడ్డాకే చేరతారు. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి సౌత్ పాయింట్ వదిలెయ్యండి, పునలూలో ఆగండి.

నా మాటగా ఒక్కటి: ఆ రాత్రి కోనాకి తిరిగి రాకండి. పార్కు గేటు బయట వోల్కానో అనే చిన్న ఊరుంది, అక్కడ పడుకోండి. పొద్దున ఐదింటికి లేచి, తెడ్డేసి, ఈది, ఎండలో తిరిగి, రాత్రి పదింటికి వీధి దీపాలు లేని మలుపుల్లో రెండు గంటలు నడపడం ఏ డ్రైవర్‌కీ మంచిది కాదు.

తెడ్డు_మనిషి

> ఆ రాత్రి కోనాకి తిరిగి రాకండి

హిలో మీదుగా సాడిల్ రోడ్డు పట్టుకుంటే వెడల్పు రోడ్డే కదా బ్రదర్, మేం అలాగే వచ్చేశాం.

డాలస్_రోడ్డు

రోడ్డు వెడల్పే, కాదనను. కానీ పార్కు నుంచి హిలోకి 30 మైళ్ళు దిగి, మళ్ళీ 6,600 అడుగుల దాకా ఎక్కి, పొగమంచులో మౌనా కేయా, మౌనా లోవాల మధ్యగా దాటి కోనా దిగాలి. అలసిపోయిన మనిషికి పొగమంచు ఎక్కువ ప్రమాదం. పగటిపూట తిరుగు ప్రయాణానికి మాత్రం నేనూ అదే రోడ్డు చెప్తాను, 2022 నవంబర్‌లో మౌనా లోవా పేలినప్పుడు లావా ఆ రోడ్డుకి రెండు మైళ్ళ లోపుకొచ్చి ఆగింది, ఆ ప్రాంతం వెలుతురులో చూడాలి.

నల్లరాయి (హైదరాబాద్)

భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి, ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను.

లావాలో రెండు రకాలు మీకు దారి పొడుగునా కనిపిస్తాయి. నునుపుగా, మడతలు మడతలుగా గట్టిపడినది పాహోయిహోయి. గరుకుగా, ముక్కలు ముక్కలుగా ఉండి చెప్పు కోసేది ఆ-ఆ. ఈ రెండు పేర్లూ హవాయి భాషవే, ప్రపంచమంతా భూగర్భ శాస్త్రవేత్తలు వీటినే వాడతారు. రసాయనం దాదాపు ఒకటే, వేడి, చిక్కదనం, పారిన వేగం తేడా. స్నార్కెల్ చేసే చోట పగడాలు పట్టుకుని పెరిగింది కూడా సముద్రంలోకి పారి గట్టిపడిన లావా మీదే.

కిలవేయా శిఖరంలో హలేమావుమావు అనే గుంట ఉంది. అక్కడ 2024 డిసెంబర్ 23న మొదలైన పేలుడు తీరు ప్రత్యేకం. కొన్ని గంటల పాటు లావా ఫౌంటెన్‌లా ఎగసి, ఠక్కున ఆగిపోయి, రోజులో వారాలో గ్యాప్ ఇచ్చి మళ్ళీ లేస్తుంది. కొన్నిసార్లు వెయ్యి అడుగులు దాటి ఎగసింది. కాబట్టి మీరు వెళ్ళే రాత్రి ఎగసే లావా కనబడుతుందని ఎవరూ మాటివ్వలేరు. అమెరికా భూగర్భ సర్వే వాళ్ళు రోజూ సమాచారం పెడతారు, కెమెరాలు లైవ్‌లో ఉంటాయి, అవి చూసుకుని బయల్దేరండి. గాల్లో గంధకం వాయువు ఉంటుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళు జాగ్రత్త. ఎగసిన లావా గాలికి సాగి సన్నటి గాజు పోగులుగా నేల మీద పడుతుంది, చేత్తో పట్టుకుని కళ్ళు నలుపుకోకూడదని బాబుకి చెప్పండి.

ఇక రాజమండ్రివాళ్ళు కాబట్టి ఇది మీ నాన్నగారికి. కాటేరు దగ్గరా, గోదావరి అవతల పంగిడి దగ్గరా క్వారీల్లో తీసే నల్లరాయి కూడా బసాల్ట్ లావాయే. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాడు దక్కన్ లావా పొంగినప్పుడు పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చి మీ ఊరి దగ్గర గట్టిపడిందని పరిశోధకులు చెప్తారు. భూమి మీద గుర్తించిన అతి పొడుగైన లావా ప్రవాహాల్లో అదొకటి. మధ్యలో సముద్రపు గవ్వలున్న సున్నపురాయి పొర కూడా దొరుకుతుంది.

గోదారి_గట్టు

సార్! నాన్న చిన్నప్పుడు కాటేరు క్వారీ పక్కనే ఆడుకునేవారట. మీ పోస్టు ఆయన ఫోన్లో సేవ్ చేసుకుని, పేకాట స్నేహితులందరికీ పంపారు. వోల్కానో ఊళ్ళో రూం బుక్ చేశాం. వచ్చాక రాస్తాను.

వైజాగ్_కెరటం

ఈలోపు ఒక డౌట్. ఆ స్తంభం కుక్‌దే ఎందుకు? ఆయన అక్కడే చనిపోయాడా?

కోనా_కాఫీ

అవును. కుక్ 1779 జనవరిలో ఈ బేలో దిగాడు, అది మకహికి అనే పంట పండుగ కాలం, గొప్ప ఆదరణ దొరికింది. ఫిబ్రవరి మొదట్లో వెళ్ళిపోయాడు గానీ తుఫానులో ఓడ తెరచాప స్తంభం విరిగి వారంలోనే వెనక్కి రావలసి వచ్చింది. ఈసారి ఆదరణ లేదు. ఓడ తాలూకు చిన్న పడవ మాయమైంది, దాన్ని రాబట్టడానికి ఆ దీవి రాజు కలనియోపువుని బందీగా ఓడ మీదికి తీసుకెళ్ళబోయాడు. ఫిబ్రవరి 14న కావలోవా ఒడ్డునే జరిగిన కొట్లాటలో కుక్, ఆయన మనుషులు నలుగురు, హవాయివాళ్ళు ఇంకా ఎక్కువమంది చనిపోయారు. తెల్లటి స్తంభం 1874లో పెట్టారు.

కానీ ఆ ఒడ్డుకి వెళ్ళేవాళ్ళకి నేనెప్పుడూ చెప్పేది స్తంభం ఒక్కటే చూసి రావొద్దని. కావలోవా పెద్ద పెద్ద నాయకులు నివసించిన ఊరు, చెట్ల కింద ఇళ్ళ పునాది గోడలు ఇప్పటికీ ఉన్నాయి. బే వెనక నిలువుగా లేచే కొండచరియ గుహల్లో ఆ నాయకుల ఎముకల్ని దాచారు. రేవు పక్కన కనిపించే రాతి అరుగు హికియావు ఆలయం. ఎక్కకూడదు, రాయి కదపకూడదు. కొండ మీదైనా బీచ్ మీదైనా రాళ్ళు, ఇసుక జేబులో వేసుకోవద్దు.

గోదారి_గట్టు

వచ్చేశాం. అందరికీ బాకీ ఉన్నట్టుంది, అందుకే వివరంగా రాస్తున్నా.

ఏడుంబావుకి రేవులో ఉన్నాం. మా ఆయన అమ్మని హోనౌనౌ తీసుకెళ్ళారు, నేనూ బాబూ ఒక కయాక్, నాన్న గైడ్‌తో ఇంకో కయాక్. గైడ్ అక్కడి కుర్రాడే, బయల్దేరే ముందు నీళ్ళ వైపు తిరిగి వాళ్ళ భాషలో చిన్న ప్రార్థన చదివాడు, నాన్న అప్రయత్నంగా చేతులు జోడించారు. తెడ్డు_మనిషి గారు చెప్పినట్టు కూర్చోవడంలోనే అంతా ఉంది, నీళ్ళు లేచే దాకా ఆగి కూర్చుంటే కదలలేదు. నడిబేలో కింద ఏమీ కనపడదు, నీలం తప్ప. అవతలి ఒడ్డు దగ్గరపడే కొద్దీ ఉన్నట్టుండి అడుగు కనిపిస్తుంది, తెడ్డు కింద పసుపు చేపలు గుంపుగా పోతుంటే బాబు అరిచాడు.

నీళ్ళలో దిగగానే కోనా_కాఫీ గారు చెప్పిన చోటు తగిలింది. ఒళ్ళు జిల్లుమంది, కళ్ళముందు అంతా వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు మీద కనిపించే ఎండమావిలా వణికింది, రెండు బారలు ఈదేసరికి మళ్ళీ తేటపడింది. తల ముంచితే చిటపటమని శబ్దం, ఆగదు. అది చాలామటుకు చిన్న రొయ్యలు చేసేదని గైడ్ చెప్పాడు. ఆకుపచ్చ, గులాబి రంగుల చిలక చేప ఒకటి పగడాన్ని కొరుకుతుంటే ఆ కరకర విడిగా వినిపించింది, కొరికి ముందుకెళ్ళి వెనక నుంచి తెల్లటి ఇసుక వదిలింది. ఒడ్డు నుంచి కొంచెం దూరం దాకా పగడాల మెట్ట, దాని అంచు దగ్గర ఒక్కసారిగా లోతు. ఆ అంచు మీద తేలుతూ కిందికి చూస్తే నాకు గుండె జారింది. బాబుకి అదే బాగా నచ్చింది, చెయ్యి పట్టుకుని అటే లాగాడు.

నాన్న చక్రం వదల్లేదు. గైడ్ ఆయన పక్కనే, నేను బాబుతో ఇవతల. ఇరవై నిమిషాలకి నాన్నే చెయ్యెత్తి చాలన్నారు. ఆయాసమేమీ లేదట, "బాగున్నప్పుడే పైకి రావాలని ఆవిడ రాసింది కదా" అన్నారు. డాక్టరమ్మ గారూ, ఈ వాక్యం మీకే. కయాక్ మీద కూర్చుని కొండచరియని చాలాసేపు చూశారు. డాల్ఫిన్లు బే నోటి దగ్గర దూరంగా కనిపించాయి, రెండు మూడు గాల్లో తిరిగాయి, మేం అటు వెళ్ళలేదు.

తిరిగొచ్చేసరికి గాలి మొదలవుతోంది. హోనౌనౌలో అమ్మ ఆ రాతి గోడ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు, సున్నం లేకుండా ఇన్నాళ్ళు ఎలా ఆగిందని పార్కు ఉద్యోగిని మా ఆయన ద్వారా ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగించిందట. కొబ్బరి చెట్ల నీడలో పులిహోర తిన్నాం.

దారిలో 1950 లావా దగ్గర ఆగాం. పునలూలో నల్ల ఇసుక మీద తాబేలు ఎండ కాచుకుంటోంది, చుట్టూ రాళ్ళు పెట్టి గీత గీశారు, జనం మర్యాదగా గీత ఇవతలే నిలబడ్డారు. ఇసుక చెయ్యి పెట్టలేనంత వేడి, చెప్పులు తీయకండి.

పార్కుకి సూర్యాస్తమయానికి కొంచెం ముందు చేరాం. నాలుగు వేల అడుగుల ఎత్తు, పొద్దున ఈదిన ఒంటికి ఆ చలి మామూలుగా లేదు, స్వెటర్లు, అమ్మకి మఫ్లర్ తప్పనిసరి. ఆ రాత్రి లావా ఎగసే రోజు కాదు. కానీ చీకటి పడే కొద్దీ గుంటలో రెండు నోళ్ళ దగ్గర ఎర్రటి వెలుగు పెరిగింది, పైకి లేచే పొగ కింది భాగం నారింజ రంగులో కదులుతోంది. బాబు మొదట నిరాశపడ్డాడు, తర్వాత బైనాక్యులర్ వదల్లేదు. నాన్న అక్కడి గట్టు రాయిని తడిమి "మన కాటేరు రాయే ఇది, ఇంకా పచ్చిగా ఉంది" అన్నారు.

కోనాలో మా పక్క గదిలో దిగిన కుటుంబం అదే రాత్రి కోనాకి బయల్దేరింది, వానలో. డాలస్_రోడ్డు గారూ, పది నిమిషాల్లో గదికి చేరి పడుకున్నాం, మీ మాట విన్నందుకు మా ఆయన మీకు ప్రత్యేకంగా థాంక్స్ చెప్పమన్నారు.

డాక్టరమ్మ

చదివి చాలా సంతోషం వేసింది. నాన్నగారికి నమస్కారాలు చెప్పండి. తానుగా చెయ్యెత్తి పైకొచ్చిన పేషెంట్లు నాకు అరుదు.

నల్లరాయి

"ఇంకా పచ్చిగా ఉంది" అన్న మాట నేను ఏ క్లాసులోనూ ఇంత బాగా చెప్పలేకపోయాను. మీరు అభ్యంతరం చెప్పకపోతే వచ్చే నెల పాఠంలో వాడుకుంటాను.

వైజాగ్_కెరటం

మా చెల్లెలు శాన్ హోసేలో ఉంటుంది, డిసెంబర్ చివర్లో మమ్మల్ని ఇదే దీవికి తీసుకెళ్తానంటోంది. ఆ నెలలో కయాక్ వెయ్యొచ్చా? మా అమ్మాయికి 8.

కోనా_కాఫీ

వెయ్యొచ్చు, కానీ చలికాలంలో వాయవ్యం నుంచి పెద్ద కెరటాలు వస్తాయి. అలాంటి రోజుల్లో రేవులో దిగడమే కష్టం, టూర్లు ఆపేస్తారు. కయాక్ రోజుని ప్రయాణం మొదట్లో పెట్టుకోండి, రద్దయితే తర్వాత ఇంకో రోజు ఉంటుంది. 8 ఏళ్ళ పిల్లని తీసుకుంటారో లేదో ఒక్కో టూర్‌కీ ఒక్కో నియమం, డబ్బు కట్టేముందు అడగండి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు ఈ నీళ్ళలోనే ఉంటాయి, వాటికి వంద గజాల దూరం చట్టం. క్రిస్మస్ వారంలో గదులు దొరకవు, వోల్కానో ఊళ్ళో అయితే ఇప్పుడే చూసుకోండి.